ఏ మందు?

ఏసోబు పోయిన పదో రోజున ఆస్పత్రివాళ్ళు మా అమ్మాయి సువార్త చేతిలో ఒక కాగితం పెట్టారు. నాకు రెండో తరగతి చదువు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాను. మూడో వరసలో ఆగిపోయాను. 'మద్యం మత్తులో పురుగుమందు మీద పడవేసుకున్నాడు' అని ఉంది. కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని మళ్ళీ చదివాను. అదే ఉంది.

ఏసోబు మా అల్లుడు. పదకొండేళ్ళుగా చుక్క ముట్టలేదు. ఒక గుడ్ ఫ్రైడే నాడు, మూడు గంటల ఆరాధన అయ్యాక, పాస్టరుగారి ముందు సీసా నేలకేసి కొట్టాడు. గాజుపెంకు ఎగిరి బొటనవేలికి రెండు కుట్లు పడ్డాయి. ఆ కుట్లు వేసేటప్పుడు పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడింది నేనే. అలాంటి మనిషిని, తిరిగి జవాబు చెప్పలేని రోజు చూసి, తాగుబోతని రాశారు. ఆ మాట కొట్టేయించేదాకా నాకు అన్నం సయించదని సువార్తతో అన్నాను. అది నా వైపు చూడలేదు. అప్పటికి పది రోజులుగా అది నా వైపు చూడటం లేదు.

ఎందుకు చూడటం లేదో చెప్పాలంటే పెట్టె సంగతి చెప్పాలి. ఆ కాగితంలో ఆ మాట రాసింది ఆ పెట్టె. ఆ పెట్టె మాట్లాడేది నా గొంతుతో.

నా పేరు దీనమ్మ. మా టౌను ఆస్పత్రిలో ముప్పై ఎనిమిదేళ్ళు ఆయాగా చేశాను. కిందటి వానాకాలంలో సూపరింటెండెంటుగారు కబురు పంపితే వెళ్ళాను. పాత పిండికట్ల గది ఖాళీ చేయించి, సున్నం వేయించి, చల్లగాలి మిషను పెట్టించారు. బల్లమీద తెల్లటి పెట్టె ఒకటి, టిఫిన్ క్యారియరులో గిన్నె ఒకటి విడదీసి పెట్టినట్టుగా ఉంది. దాని పక్కన హిమజ అని హైదరాబాదు నుంచి వచ్చిన పిల్ల. ముప్పై ఏళ్ళుంటాయి. ఎర్ర పెన్ను చెవి మీద పెట్టుకుని ఉంది.

"మామ్మగారూ, డాక్టరుగారు రోగితో మాట్లాడుతుంటే ఇది వింటుంది. విని కేసు షీటు ఇదే రాసేస్తుంది. రోగికి చెప్పాల్సినవి కూడా ఇదే చెబుతుంది. సరిగ్గా రాస్తుందా లేదా అని మేం పరీక్ష చేస్తున్నాం. మీరు రోగిలా మాట్లాడాలి."

"ఏ రోగం?"

"మీ ఇష్టం."

"ఇన్నేళ్ళకి నా ఇష్టాన్ని బట్టి రోగమిచ్చేవాళ్ళు దొరికారు" అన్నాను. పిల్ల పడి పడి నవ్వింది.

ఆరు వారాలు రోజూ వెళ్ళాను. ఒక పూట బాలింతని, ఒక పూట పక్షవాతం వచ్చిన ముసలాయన పెళ్ళాన్ని. నా ముప్పై ఎనిమిదేళ్ళలో ఏ మంచం మీద ఎవరు పడుకున్నారో, ఏమని మూలిగారో నాకన్నీ గుర్తే. వాళ్ళ మాటలే వాళ్ళ గొంతుల్లో అప్పజెప్పేదాన్ని. పెట్టె మొదట్లో రాసినవి హిమజ చదివి వినిపిస్తుంటే నాకు కడుపు చెక్కలయ్యేది. "మా కోడలు నీళ్ళోసుకుందండీ" అన్నాను. 'కోడలు స్నానం చేసింది' అని రాసింది. "ఒసేయ్, దాని కడుపులో బిడ్డ పడిందే" అని పెట్టె నెత్తిన మొట్టబోతే హిమజ నా చెయ్యి పట్టుకుంది. "మొగుడు చెయ్యి చేసుకున్నాడండీ" అంటే 'భర్త చేతికి గాయం' అని రాసింది. దెబ్బలు తిన్నది ఆడది, గాయం మొగుడి చేతికి! హిమజ ఎర్ర పెన్నుతో రాసుకునేది, మర్నాటికి పెట్టె నేర్చుకునేది. బుద్ధిమంతురాలే అనుకున్నాను.

ఒక మంగళవారం పెద్ద వాన. హిమజ పసుపు చుడీదారు తడిసిపోయి వణుకుతూ వచ్చింది. ఆ రోజు నేను మిరప చేనుకి పోయొచ్చిన కూలిమనిషి పెళ్ళాన్ని. "మా ఆయన పొద్దున్నుంచి మందు కొట్టొచ్చాడండీ. తూలుతున్నాడు, వాంతులవుతున్నాయి, నోట్లోంచి చొంగ కారతంది" అన్నాను.

పెట్టె రాసింది: 'రోగి ఉదయం నుంచి మద్యం సేవించాడు.'

ఈసారి నాకు నవ్వు రాలేదు.

"అమ్మాయ్, ఇది రాసుకో. ఎర్రగా రాసుకో. మా మిరప ఊళ్ళలో మందు కొట్టడమంటే చేలో పంపు భుజానేసుకుని పురుగుమందు కొట్టడం. ఎదురుగాలికి అంతా మొహాన పడుద్ది. పట్నంలో మందు కొట్టడం వేరు. ఇక్కడ ఆ మాట వినగానే ఏ మందు అని అడగాలి, కంటిరెప్ప ఎత్తి చూడాలి. కనుపాప సూదిమొనంత ఉందనుకో, అది విషం. వెంటనే విరుగుడు సూది, ఆట్రోపిన్ పడాలి. సారా తాగినోడిలాగే తూలుతాడు, సారా తాగినోడిలాగే కక్కుతాడు. అక్కడే మోసమంతా."

హిమజ రాసుకుంది. రెండు గీతలు కూడా కింద గీసింది. నా కళ్ళతో చూశాను.

నెలాఖరుకి వాళ్ళ పై ఆయన శశాంక్‌గారు వచ్చారు. గోడమీద లెక్కలు వేసి చూపించారు. "నూటికి తొంభై ఆరు కరెక్టుగా రాస్తోంది. మిగతా నాలుగూ అరుదైన మాటలు, ఈ మందు కొట్టడంలాంటివి. అవి తర్వాత చూసుకుందాం, వచ్చే నెల వార్డులో పెట్టేద్దాం" అన్నారు.

"అరుదేందయ్యా?" అన్నాను. "దసరా నుంచి శివరాత్రి దాకా ఈ చుట్టుపక్కల ప్రతి చేలో వినపడే మాట అది. పత్తికి పచ్చపురుగు పట్టిన ఏడు ఒక్క వారంలో ఈ ఆస్పత్రికి పదిహేడు మందిని మోసుకొచ్చారు. పేర్లు చెప్పమంటావా?"

చెప్పబోయాను కూడా. ఆయన హిమజ వైపు తిరిగి, "మామ్మగారికి టీ ఇప్పించండి" అన్నారు. టీ తాగాను. ఆ టీ తాగినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

గొంతు సంగతి అదే నెలలో. పెట్టెకి ముందు ఎవరిదో రేడియో గొంతు పెట్టారు. రోగులు దానికి బెదిరిపోయి నోరు మెదపడం లేదట. "మీరు మాట్లాడుతుంటే ఏడుస్తున్నవాళ్ళు కూడా ఊరుకుంటున్నారు మామ్మగారూ, మీ గొంతు ఇస్తారా?" అని హిమజ అడిగింది. నేను పొంగిపోయాను. నాలుగు రోజులు కూచోబెట్టి ఏవేవో మాటలు చదివించారు, కూడబలుక్కునే నా చేత! ఆ తర్వాత నేననని మాటలు కూడా పెట్టె నా గొంతుతోనే అనడం మొదలుపెట్టింది. "ఏం కాదులే తల్లీ, నేనున్నాగా" అనేది. అది నా మాటే. పురుళ్ళ గదిలో ఎందరికి చెప్పానో. సువార్త చిన్నప్పుడు ఉరుములకి జడుసుకుంటే దానికీ చెప్పాను.

మా కాలనీ అంతా చూడ్డానికి వెళ్ళింది. ఏసోబు వెళ్ళొచ్చి గడప దగ్గరే దణ్ణం పెట్టాడు. "ఇంట్లో ఒకత్త ఉంటేనే వేగలేకపోతన్నా. ఆస్పత్రిలో ఇంకో అత్తని పెట్టారా నాయనా! ఇద్దరత్తల పోరు నావల్ల కాదు" అని చెవులు మూసుకున్నాడు.

"ఆ అత్త నీకు చేపల పులుసు పెట్టదులే, చెయ్యి కడుక్కునిరా" అన్నాను.

మాఘమాసం. మిరపకి నల్ల తామరపురుగు పట్టింది. ఏసోబు పెద్దబజారు శేషగిరిరావుగారి చేలో వారం నుంచి పంపు మోస్తున్నాడు. ఆ రోజు నేను పక్కూళ్ళో మా చెల్లెలి మనవరాలి ఓణీల పండగకి వెళ్ళాను. తిరిగొచ్చి మధ్యాహ్నం రెండింటికి బస్సు దిగగానే, ఏసోబుని ఆస్పత్రికి తీసుకెళ్ళారని ఆటోస్టాండులో చెప్పారు. పరుగెత్తాను.

వరండాలో చివరి మంచం. ఏసోబు పడుకుని ఉన్నాడు, చేతికి సెలైన్. సువార్త తలదగ్గర కూచుని అట్టముక్కతో విసురుతోంది. గాభరా లేదు. అది చూసి నాకు గాభరా పుట్టింది.

"ఎప్పుడొచ్చారే?"

"పన్నెండింటికి. పొద్దున్నుంచి మందు కొట్టొచ్చాడని చెప్పా. కాసేపు పడుకోబెడితే దిగిపోద్దన్నావుగా."

"నేనెప్పుడన్నా?"

"నువ్వేగా." మంచం పక్క గోడకున్న పెట్టెని చూపించింది. "ఏం కాదులే తల్లీ, నేనున్నాగా, నిద్రపోనీ అన్నావు."

ఏసోబు మీదకి వంగాను. చొక్కా నుంచి కుళ్ళిన ఉల్లిపాయ వాసన, కిరసనాయిలు కలిసినట్టు. నా ముప్పై ఎనిమిదేళ్ళలో మర్చిపోలేని వాసన అది. పెట్టెకి చెవులున్నాయి, నోరుంది, ముక్కు లేదు. రెప్ప ఎత్తాను. కనుపాప ఆవగింజలో సగం. భుజాల కింద కండ చర్మం లోపల పురుగు పాకినట్టు కదులుతోంది. ఒళ్ళంతా చెమట, చొంగ మెడమీదకి కారింది.

"డాక్టరుబాబూ!" అని అరిచాను. ఆస్పత్రి ఆస్పత్రంతా తిరిగి చూసింది.

డ్యూటీలో ఉన్నది డాక్టర్ గౌస్. మంచివాడే. కాని పెట్టె రాకముందు పూటకి అరవై మందిని చూసేవాడు, రాసే పని తప్పింది కదా అని ఇప్పుడు నూట ఇరవై మందిని చూడమంటున్నారు. చేతిలో పలక లాంటి తెర. దాన్ని చూశాడు గాని మంచంవైపు చూడలేదు.

"దీనమ్మా, షీటు క్లియర్‌గా ఉంది. ఆల్కహాలు. సెలైన్ వెళ్తోంది, సాయంత్రానికి లేస్తాడు."

"తాగలేదు బాబూ. మందు కొట్టాడు. చేలో మందు."

"మీ అమ్మాయే చెప్పింది కదా, పొద్దున్నుంచి..."

అప్పుడు గోడమీది పెట్టె మాట్లాడింది. నా గొంతుతో. మెత్తగా, నేను బాలింతలతో మాట్లాడినట్టు. "పెద్దమ్మా, కోపం తెచ్చుకోకండి. డాక్టరుగారిని పని చేసుకోనివ్వండి. ఏం కాదులే, నేనున్నాగా."

నా గొంతు నన్నే ఊరుకోబెడుతోంది. గౌస్ అప్పటికే అవతలి మంచం వైపు తిరుగుతున్నాడు. నేను మంచం దగ్గరున్న నీళ్ళచెంబు తీసి ఆ పెట్టెకేసి విసిరాను. గౌస్ వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. అతని కోటు పట్టుకుని కిందకి లాగాను, ఏసోబు చొక్కా మీదకి. "వాసన చూడు బాబూ. తెర కాదు, మనిషిని చూడు."

వాసన చూశాడు. లైటు వేసి కళ్ళు చూశాడు. మొహం పాలిపోయింది. "ఆట్రోపిన్! ఆట్రోపిన్ తీసుకురండి!" అని అరుస్తూ తనే పరుగెత్తాడు.

ఆ తర్వాత ఆ కుర్రాడు చెయ్యగలిగిందంతా చేశాడు, అది కూడా చెప్పాలి. అంబులెన్సులో జిల్లా ఆస్పత్రిదాకా తనే గాలిసంచి నొక్కుతూ ఊపిరి పోశాడు. కాని పన్నెండింటికి పడాల్సిన సూది రెండున్నరకి పడింది. ఏసోబు మూడో రోజు పొద్దున పోయాడు.

మట్టి చేసి వచ్చాక సువార్త గోడకి ఆనుకుని కూచుంది. నేను దగ్గరకెళ్ళి తలమీద చెయ్యి వేశాను. నోరు అలవాటు కొద్దీ, "ఏం కాదులే తల్లీ..." అనబోయింది.

"ఆ మాట అనొద్దమ్మా!" అని నా చెయ్యి విసిరికొట్టింది. "వేరే ఎవరు చెప్పినా నేనాగేదాన్నా? డాక్టరు కాళ్ళు పట్టుకునేదాన్ని. నీ గొంతని ఆగా. రెండున్నర గంటలు ఎదురుగా కూచుని విసిరా. అది నువ్వు కాదని తెలుసు. తెలిసినా, నీ గొంతు వింటే నాకు అదే వినపడతంది."

అప్పటి నుంచి మా ఇంట్లో మాటల్లేవు. నేను మాట్లాడితే దానికి కష్టం, మాట్లాడకపోతే నాకు కష్టం. ఆ ఇంట్లోకి పదో రోజున ఆ కాగితం వచ్చింది. పెట్టె మొదటి రోజు రాసిన మాటని చూసి అంబులెన్సు కాగితం రాశారు, దాన్ని చూసి జిల్లా ఆస్పత్రి కాగితం, దాన్ని చూసి చావు కాగితం. అన్నిట్లోనూ ఆ మాట అంటువ్యాధిలా పాకింది.

"కనీసం ఆ మాటన్నా తీయించు" అంది సువార్త గోడతో. ఆ పది రోజుల్లో అది నాతో అన్నది అదే.

ఆస్పత్రికి వెళ్ళాను. ఫిర్యాదు చెప్పుకునే కిటికీ దగ్గర మనిషిని తీసేశారు. అక్కడ కూడా పెట్టే. "చెప్పండమ్మా, వింటున్నాను" అంది నేనే. నా ఎదురుగా నేనే కూచుని నన్ను అడుగుతున్నట్టుంది. చెప్పాను. నా జన్మలో అన్ని తిట్లు ఒక్కసారిగా ఎప్పుడూ తిట్టలేదు. వాన మంగళవారం నుంచి నీళ్ళచెంబు దాకా అంతా చెప్పాను, శశాంక్‌గారి వంశాన్ని ఏడు తరాలు కడిగాను. చివర్న చీటీ ఒకటి బయటకొచ్చింది. పక్కనున్నాయన చదివి పెట్టాడు: 'మృతుని అత్తగారు విచారంలో ఉన్నారు. సిబ్బంది సహకారానికి కృతజ్ఞతలు తెలిపారు.'

నా కోపాన్ని కూడా రాయడం చేతకాలేదు దానికి. ఆ చీటీ నమిలి ఉమ్మేశాను.

మూడు వారాల తర్వాత వాళ్ళే కబురు పెట్టారు. న్యాయం చెయ్యడానికి కాదు. పెట్టెని మూడు జిల్లాల్లో పెడతారట, నా గొంతుకి మళ్ళీ సంతకం కావాలట. సువార్తని కూడా రమ్మన్నాను. రానంది.

పిండికట్ల గదే. సూపరింటెండెంటుగారు, శశాంక్‌గారు, డాక్టర్ గౌస్, హిమజ. హిమజ మొహం పీక్కుపోయింది. బల్లమీద కాగితం, పక్కన పెన్ను.

"ముందు ఏసోబు కాగితంలో ఆ మాట కొట్టెయ్యండి. తర్వాత సంతకం సంగతి" అన్నాను.

శశాంక్‌గారు నిదానంగా అన్నారు. "రికార్డు మార్చడం కుదరదమ్మా. పైగా సిస్టమ్ తప్పేం లేదు. ఆ వాక్యానికి రెండర్థాలున్నాయి. అది ఒకటి తీసుకుంది."

"రెండర్థాలుంటే ఏదో కనుక్కోవాలిగా? ఏ మందమ్మా అని మా సువార్తని అడిగిందా? నాకు రెండో తరగతే, నేనే అడుగుతానే."

"అడిగే అవసరం లేదనుకుంది. సందర్భాన్ని బట్టి..."

"ఏ సందర్భం? ఉండండి. ఆరు వారాలు మీరు పరీక్ష పెట్టారు, నేను రాశాను. ఇయ్యాల నేను పెడతా. అమ్మాయ్, పెట్టె ఆన్ చెయ్యి."

హిమజ ఆయన వైపు చూడకుండా ఆన్ చేసింది. నేను పెట్టె ముందు కూచున్నాను.

"మా అల్లుడు ఏసోబండీ. కాలనీ. పొద్దున్నుంచి మందు కొట్టొచ్చాడు. తూలుతున్నాడు, వాంతులవుతున్నాయి."

హిమజ చదివింది. "రోగి ఉదయం నుంచి మద్యం సేవించాడు."

"ఇప్పుడిది రాయించు." కొంగు సర్దుకుని గొంతు మార్చాను. "మా శేషగిరిరావుగారండీ. పెద్దబజారు. పొద్దున్నుంచి మందు కొట్టొచ్చారు. తూలుతున్నారు, వాంతులవుతున్నాయి."

హిమజ తెర చూసింది. చదవలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గౌస్ లేచి వచ్చి చదివాడు. "రోగి ఉదయం నుంచి పొలంలో పురుగుమందు పిచికారీ చేశారు. విషప్రభావం ఉందేమో వెంటనే పరీక్షించవలెను."



"శేషగిరిరావుగారు జన్మలో పంపు భుజానేసుకోలేదు" అన్నాను. "రోజూ సాయంత్రం ఆయన కొట్టే మందు వేరే. ఏసోబు చచ్చింది ఆయన చేలో మందు కొట్టే. మాట ఒక్కటే, వాంతి ఒక్కటే. పేరు మారితే, వీధి మారితే, మందు మారిపోయిందే! దీనికి ఈ బుద్ధి నేర్పిందెవరు?"

హిమజే అంది, నేల చూస్తూ. "పాత కేసు షీట్లు మామ్మగారూ. మేం అవి చదివించే దానికి నేర్పాం. ముప్పై ఏళ్ళవి. ఈ ఆస్పత్రివే."

ఆ షీట్లు నాకు తెలుసు. అవి చేత్తో పట్టుకుని మంచం మంచానికీ మోసింది నేనే. కాలనీ మనిషి వస్తే గుమ్మంలోంచే చూసి 'తాగాడు' అని బరికిన డాక్టర్ల పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడి, తాగలేదని తెలిసీ, నోరు మూసుకున్న ఆయా పేరు కూడా గుర్తుంది. దీనమ్మ. పెట్టె కొత్తగా ఏం పాపం చెయ్యలేదు. మా పాపాన్నే అచ్చు వేసి, దానికి నా గొంతు తొడిగింది.

అది తలుచుకుని కుంగిపోతానేమో అనుకున్నాను. లేదు. ఇంకా మండింది.

"అప్పుడు నేను నోరు మూసుకున్నా. ఇప్పుడు మూసుకోను. ఆ వాన మంగళవారం ఈ అమ్మాయి ఎర్ర పెన్నుతో రాసుకుంది, కింద రెండు గీతలు గీసింది. అడగండి."

హిమజ సంచిలోంచి పుస్తకం తీసి బల్లమీద తెరిచి పెట్టింది. రెండు ఎర్ర గీతలు అందరికీ కనపడ్డాయి. "అన్నీ నాలుగు శాతంలో పడేశాం సార్" అంది. అది ఉద్యోగం మీద ఆశ వదులుకున్న గొంతు.

శశాంక్‌గారు ఏదో అనబోయారు. డాక్టర్ గౌస్ అడ్డం వచ్చాడు. "సార్, పెట్టె రాసింది. నేను చదివి సంతకం పెట్టాను. కళ్ళు చూడలేదు. అది నా తప్పు." ఏసోబు మొదటి షీటు ఫైలులోంచి బయటికి తీశాడు. జేబులోంచి పెన్ను తీసి, 'మద్యం' అన్న మాట మీద అడ్డంగా గీత గీశాడు. పైన తన చేత్తో 'పురుగుమందు పిచికారీ చేస్తూ విషప్రభావం. రోగి మద్యం సేవించలేదు' అని రాసి, తేదీ వేసి, పేరు రాశాడు. అక్షరాలు వంకరపోయాయి. అంత అందమైన దస్తూరీ నేను చూడలేదు. సూపరింటెండెంటుగారు దాని కింద తనూ సంతకం పెట్టారు. "జిల్లా ఆస్పత్రికి, చావు కాగితం ఇచ్చినవాళ్ళకి నేను ఉత్తరం రాస్తాను" అన్నారు.

"ఇప్పుడు నా గొంతు తీసెయ్యండి" అన్నాను.

"మొత్తమా?" అన్నారు శశాంక్‌గారు.

"మొత్తం. ఏం కాదులే అనేది తీసెయ్యండి, నేనున్నాగా అనేది తీసెయ్యండి. మీరుండరు, నేనూ ఉండను, అక్కడ పెట్టే ఉంటది. ఒక్కటి ఉంచుకోండి. ఎవరి నోట మందు అన్న మాట వచ్చినా, వాళ్ళ పేరేదైనా, వీధేదైనా, రాసే ముందు అది అడగాలి. ఆ మాట నేనిస్తా."

హిమజ పెట్టె సిద్ధం చేసింది. నేను ముందుకి వంగి అన్నాను.

"ఏ మందు?"

హిమజ కళ్ళు తుడుచుకుంది. "మామ్మగారూ, కొంచెం మెత్తగా చెబుతారా? రోగులు భయపడతారేమో."

"మెత్తగా చెప్పింది చాలమ్మా. అదట్టానే ఉండనీ."

రెండు వారాలకి సవరించిన కాగితం వచ్చిందని ఆస్పత్రి నుంచి పిలుపొచ్చింది. సువార్త సంతకం కావాలన్నారు కాబట్టి అది వచ్చింది. దారంతా నాలుగడుగులు ముందు నడిచింది. కాగితం అందుకుని, మూడో వరస వేలితో తడిమి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. మడిచి జాకెట్లో పెట్టుకుంది.

వరండాలో నుంచి వస్తుంటే చివరి మంచం దగ్గర ఒక ముసలాయన తన కొడుకుని కూచోబెట్టి పెట్టెతో చెబుతున్నాడు. "పొద్దున మందు కొట్టొచ్చాడండీ, కళ్ళు మసకలంటన్నాడు..."

పెట్టె నుంచి ఒక గొంతు కసిరింది. "ఏ మందు?"

ముసలాయన ఉలిక్కిపడి తువ్వాలు జారవిడుచుకున్నాడు. "మిరపచేలో మందమ్మా! తాగే మందు కాదు తల్లీ, కొట్టే మందు!" అని చేతులు జోడించాడు. అవతల నుంచి డాక్టర్ గౌస్ లైటు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

సువార్త ఆగిపోయింది. ఆ గొంతు వింటూ నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగింది, నలభై ఐదు రోజుల తర్వాత, నా మొహం వైపు చూసింది.